ఎడ్జ్‌టీఎక్స్ ట్రాన్స్‌మిటర్‌కి మన తెలుగు గొంతు: సొంత వాయిస్ ప్యాక్ తయారీ

[ఆడియో: "థ్రాటిల్ దించు." చిన్న విరామం. "సిగ్నల్ తగ్గింది. వెనక్కి తిప్పు."]

అందరికీ నమస్తే. ఇప్పుడు మీరు విన్నది నా చేతిలో ఉన్న ఈ రేడియోమాస్టర్ టీఎక్స్16ఎస్, అంటే ఆర్‌సీ ప్లేన్లూ డ్రోన్లూ ఎగరేసే రేడియో రిమోట్, మాట్లాడిన మాటే. ఎడిటింగ్‌లో కలిపింది కాదు, దీని స్పీకర్ దగ్గర మైక్ పెట్టి రికార్డ్ చేశాను. ఎడ్జ్‌టీఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఏ ట్రాన్స్‌మిటర్‌లో అయినా ఇది చేసుకోవచ్చు: బాక్సర్, పాకెట్, జోరో, జంపర్ వాళ్ల రేడియోలు. పాత టారానిస్‌లో ఓపెన్‌టీఎక్స్ ఉన్నా పద్ధతి దాదాపు ఇదే. ఎడ్జ్‌టీఎక్స్ పుట్టింది కూడా 2021లో ఆ ఓపెన్‌టీఎక్స్ నుంచి విడిపోయే కదా.

ఇంగ్లీష్‌లో బాగానే మాట్లాడుతోంది కదా, ఇంత శ్రమ ఎందుకు అని కొందరు అడుగుతారు. ప్లేన్ గాల్లో ఉన్నప్పుడు మన కళ్లు దాని మీదే ఉండాలి. స్క్రీన్ చూడ్డానికి తల దించి మళ్లీ ఎత్తేసరికి అది ఎటు తిరిగిందో తెలియకపోవచ్చు. కాబట్టి వోల్టేజ్ అయినా, సిగ్నల్ అయినా చెవికే చేరాలి. కంగారులో ఉన్నప్పుడు ముందు అర్థమయ్యేది ఇంట్లో మాట్లాడే భాషే. పక్కన ట్రైనర్ కేబుల్‌తో కలిపిన రెండో రేడియో పట్టుకుని నేర్చుకుంటున్న పదేళ్ల పిల్లాడికైతే మరీను.

సరే, పనిలోకి దిగుదాం. యూఎస్‌బీ కేబుల్ పెట్టండి, ట్రాన్స్‌మిటర్ అడిగితే స్టోరేజ్ మోడ్ ఎంచుకోండి. ఎస్‌డీ కార్డ్ కంప్యూటర్లో డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. ముందు ఆ కార్డ్ మొత్తాన్ని కంప్యూటర్లో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసి పెట్టండి. ఆ తర్వాతే ఏదైనా ముట్టుకోండి.

[స్క్రీన్: సౌండ్స్ ఫోల్డర్ తెరవడం]

సౌండ్స్ అనే ఫోల్డర్, దాని లోపల ఈఎన్. ఇంగ్లీష్ గొంతంతా ఇందులోనే ఉంటుంది. ఇందులో మళ్లీ సిస్టమ్ అని ఒక ఫోల్డర్. ఈ రెంటికీ తేడా గుర్తుంచుకోండి. సిస్టమ్ లోపలివి ఫర్మ్‌వేర్, అంటే రేడియో లోపలి సాఫ్ట్‌వేర్, తనంతట తాను పలికేవి. వాటి పేర్లు ముందే ఖాయం, అక్షరం మారినా పలకదు. సిస్టమ్ బయట, నేరుగా ఈఎన్‌లో పెట్టేవి మనం స్పెషల్ ఫంక్షన్స్‌లో, అంటే ఏ స్విచ్‌కి ఏం జరగాలో పెట్టుకునే పేజీలో, ప్లే ట్రాక్ ద్వారా పిలుచుకునేవి. వాటికి పేర్లు మనిష్టం. కాకపోతే ఇంగ్లీష్ చిన్నక్షరాల్లో, ఆరు అక్షరాలు దాటకుండా పెట్టండి. తెలుగు లిపిలో ఫైల్ పేర్లు పెట్టొద్దు.

రేడియో సెటప్‌లో వాయిస్ భాషల జాబితా ఉంటుంది, అందులో తెలుగు లేదు. అందుకని ఈఎన్ ఫోల్డర్‌లోని ఫైళ్ల స్థానంలో మన తెలుగు ఫైళ్లు పెడతాం. రేడియో మాత్రం తాను ఇంగ్లీషే మాట్లాడుతున్నాననుకుంటుంది. దీనివల్ల అంకెల దగ్గర ఒక చిక్కు వస్తుంది, దాని గురించి తర్వాత తీరిగ్గా మాట్లాడదాం.

ఫైల్ ఫార్మాట్ వేవ్. 16 బిట్ పీసీఎం, మోనో, 32 కిలోహెర్ట్జ్. స్టీరియోలోనో ఎంపీ3లోనో పెట్టి రేడియో మూగబోయిందని అనుకోవద్దు.

ముందు హెచ్చరికలు చేద్దాం. సిస్టమ్ ఫోల్డర్‌లో వందలకొద్దీ ఫైళ్లుంటాయి, అన్నీ మార్చనక్కర్లేదు. రేడియో ఆన్ చేయగానే వచ్చేది హలో. థ్రాటిల్ పైన ఉంటే వచ్చేది థ్రఅలర్ట్. స్విచ్‌లు సరిగా లేకపోతే ఎస్‌డబ్ల్యూఅలర్ట్. బ్యాటరీ తగ్గితే లోబ్యాట్, చాలాసేపు ముట్టుకోకపోతే ఇనాక్టివ్, సిగ్నల్ తగ్గితే ఆర్ఎస్ఎస్ఐ ఆర్గ్, ప్రమాదంలో పడితే ఆర్ఎస్ఎస్ఐ రెడ్, టెలిమెట్రీ, అంటే ప్లేన్ నుంచి రేడియోకి వచ్చే సమాచారం, పోతే టెలెమ్‌కేఓ, తిరిగొస్తే టెలెమ్‌ఓకే. అసలు స్పెల్లింగ్‌లు మీ కార్డ్‌లోనే కనిపిస్తాయి, అక్కడ చూసి అవే పేర్లు పెట్టండి.

వీటికి ఏం మాట పెట్టాలన్నదే అసలు పని. "తక్కువ బ్యాటరీ హెచ్చరిక" లాంటిది పెట్టారంటే రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్‌లా ఉంటుంది. పైగా ఏ బ్యాటరీ? లోబ్యాట్ అనేది ట్రాన్స్‌మిటర్ బ్యాటరీ గురించి, ప్లేన్‌లో ఉన్న లిపో బ్యాటరీ గురించి కాదు. అందుకే నేను "రిమోట్ ఛార్జింగ్ తక్కువ" అని పెట్టాను. లిపోకి వేరే మాట, "ప్లేన్ బ్యాటరీ". రెండూ వేర్వేరు పదాలతో మొదలైతే మొదటి పదానికే ఏం చేయాలో తెలిసిపోతుంది.

ఇంకోటి. ఈ ఫైళ్లు ఒకదాని తర్వాత ఒకటి వరుసలో నిలబడి పలుకుతాయి. ఒకటి పొడుగ్గా ఉంటే దాని వెనకున్నది ఆగాల్సిందే. హలో ఫైల్‌లో పాట పెట్టుకుంటారు చాలామంది, సరదాగానే ఉంటుంది. అది ముగిసేదాకా థ్రాటిల్ హెచ్చరిక వినపడకపోవచ్చు. నా లెక్కలో రెండు సెకన్లు దాటితే అది హెచ్చరిక కాదు, ప్రసంగం. మర్యాదలు కూడా వదిలేయండి. "దయచేసి థ్రాటిల్ దించండి" అనక్కర్లేదు, "థ్రాటిల్ దించు" చాలు.

ఇప్పుడు గొంతు. రెండు దార్లున్నాయి.

మొదటిది, మనుషుల గొంతు. ఫ్యాన్ ఆపేసిన గదిలో, ఫోన్‌తో అయినా సరే, రికార్డ్ చేసి ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లోకి తెచ్చుకోండి.

[స్క్రీన్: ఆడాసిటీలో ఒకే పొడుగు ట్రాక్, మధ్యమధ్యలో లేబుల్స్]

ఒక్కో మాటకి ఒక్కో రికార్డింగ్ చేయొద్దు. మాటలన్నీ వరుసగా, మధ్యలో కాస్త ఆగుతూ ఒకే ఊపులో చదివేయండి. గొంతు స్థాయి అంతటా ఒకేలా వస్తుంది. తర్వాత ఒక్కో మాట మీద లేబుల్ పెట్టి, ఆ లేబుల్‌కి ఫైల్ పేరే రాయండి. ఎక్స్‌పోర్ట్‌లో మల్టిపుల్ ఫైల్స్ (పాత వెర్షన్లలో ఎక్స్‌పోర్ట్ మల్టిపుల్) ఎంచుకుంటే లేబుల్ ప్రకారం ముక్కలు ముక్కలుగా ఫైళ్లు వచ్చేస్తాయి. మాటకి ముందూ వెనకా ఖాళీ నిశ్శబ్దం కత్తిరించేయండి. అంకెల ఫైళ్లలో ఇది మరీ ముఖ్యం, లేకపోతే "పద్నాలుగు... పాయింట్... మూడు" అని నత్తనడక నడుస్తుంది.

ట్రాన్స్‌మిటర్ స్పీకర్ చిన్నది. అందులో బేస్ రాదు, వచ్చేదల్లా బురబుర చప్పుడే. హై పాస్ ఫిల్టర్ పెట్టి 200 హెర్ట్జ్ కిందున్నది తీసేయండి, ఆ తర్వాత నార్మలైజ్ చేసి శబ్దం స్థాయి సరిచేయండి. హెడ్‌ఫోన్స్‌లో వింటే గొంతు పలచబడినట్టుంటుంది, గాలి వీచే మైదానంలో అదే తేటగా వినపడుతుంది. నా అనుభవంలో లావుపాటి మగ గొంతు కన్నా ఆడవాళ్ల గొంతో పిల్లల గొంతో ఈ స్పీకర్లకి బాగా నప్పుతుంది. మీ అమ్మాయితో చెప్పించండి, ఫీల్డ్‌లో అందరూ తిరిగి చూస్తారు.

రెండోది, కంప్యూటర్ గొంతు. మైక్రోసాఫ్ట్ న్యూరల్ గొంతుల్లో తెలుగుకి శ్రుతి, మోహన్ అని రెండున్నాయి. మాటల్ని తెలుగు లిపిలోనే టైప్ చేయండి. ఎల్‌క్యూ (లింక్ క్వాలిటీ, సిగ్నల్ ఎంత బాగుందో చెప్పే అంకె), ఆర్మ్ (మోటార్లు తిరిగేలా సిద్ధం చేయడం) లాంటివి కూడా తెలుగులోనే రాస్తే ఉచ్చారణ సరిగ్గా వస్తుంది. బయటికి వచ్చేది ఎంపీ3 అయితే దాన్ని ఆడాసిటీలో తెరిచి ఇందాక చెప్పిన వేవ్ ఫార్మాట్‌లోకి మార్చుకోవాలి. సినిమా హీరో గొంతుని ఏఐతో అనుకరించి ప్యాక్‌లు చేసేవాళ్లూ ఉన్నారు. మీ ఇష్టం గానీ, అలాంటిది నలుగురికీ పంచకండి. గొంతు ఆయనది, మనది కాదు.

ఇక అంకెలు. ఈ వీడియోలో నేను ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే.

రేడియోలో "పద్నాలుగు పాయింట్ మూడు వోల్టులు" అని ఒక ఫైల్ ఉండదు. మూడు ముక్కలు తెచ్చి అతికిస్తుంది. సున్నా నుంచి తొంభై తొమ్మిది దాకా ప్రతి అంకెకీ ఒక ఫైల్: 0000 నుంచి 0099. ఆ తర్వాత 0100 అంటే వంద, 0101 అంటే రెండు వందలు, అలా 0108 దాకా తొమ్మిది వందలు. 0109 వేలకి. 0111 మైనస్. 0165 నుంచి 0174 దాకా పాయింట్ సున్నా, పాయింట్ ఒకటి, అలా పాయింట్ తొమ్మిది వరకు. వోల్టులు, మీటర్లు, నిమిషాలకి వేరే ఫైళ్లు, వోల్ట్0, వోల్ట్1 అని ఏకవచనం, బహువచనం జంటగా.

ఈ అతుకుడు ఇంగ్లీష్ వరుసలో జరుగుతుంది. ఇంగ్లీష్‌లో వందకైనా, నూట ఇరవైకైనా అదే మాట పనికొస్తుంది. మనకలా కుదరదు. 0100లో "నూట" అని రికార్డ్ చేస్తే 120 మీటర్లు అందంగా వస్తుంది, కానీ సరిగ్గా వంద దగ్గర "నూట మీటర్లు" అంటుంది. "వంద" అని పెడితే వంద మీటర్లు బాగుంటుంది, 120 దగ్గర "వంద ఇరవై మీటర్లు" అంటుంది. నేను "వంద" పెట్టాను. "వంద ఇరవై" అంటే కాస్త ఎబ్బెట్టుగా ఉన్నా అర్థం కాకపోవడం ఉండదు. మన దేశంలో ముందస్తు అనుమతి లేకుండా ఎగరేసుకోగలిగే గ్రీన్ జోన్‌లో మన పై హద్దు 120 మీటర్లే కాబట్టి ఆ అంకె మీరు వింటూనే ఉంటారు, అలవాటైపోతుంది.

రెండు వందల నుంచి పైకి మాత్రం కథ సుఖాంతం. 0101లో "రెండు వందలు" అనకుండా "రెండొందల" అని, చివర "ల"తో ఆపేయండి. వెనకాల ఎప్పుడూ యూనిట్ వస్తుంది కాబట్టి "రెండొందల మీటర్లు", "రెండొందల యాభై మీటర్లు", రెండూ మనం మాట్లాడినట్టే ఉంటాయి. 0109లో కూడా "వేల" అని పెట్టండి. "రెండు వేల మూడొందల" సరిగ్గా కుదురుతుంది.

వెయ్యి దగ్గర మాత్రం కుదరదు. ఫర్మ్‌వేర్ ముందు "ఒకటి" అని, తర్వాత వేల ఫైల్ పలుకుతుంది. "ఒకటి వేల" అని వినపడుతుంది. బ్యాటరీ ఎంత ఖర్చయిందో, అంటే ఎన్ని మిల్లీయాంప్ అవర్లు వాడామో పలికించాలంటే ఇది రోజూ తగులుతుంది. దీనికి నేను పెట్టుకున్న దారి, ఆ విలువని అంకెగా పలికించకపోవడమే. లాజికల్ స్విచ్‌లో, అంటే మనం పెట్టిన షరతు నిజమైతే దానంతటదే ఆన్ అయ్యే స్విచ్‌లో, వాడిన కెపాసిటీ వెయ్యి దాటితే అని పెట్టి, దానికి ప్లే ట్రాక్‌గా "వెయ్యి అయిపోయింది" అన్న నా సొంత ఫైల్ ఇచ్చాను.

టైమర్‌లో ఇంకో చిన్న సంగతి. నిమిషాలకీ సెకన్లకీ మధ్య ఇంగ్లీష్ గొంతు ఒక "అండ్" వేస్తుంది, అది 0110. అందులో "మరియు" పెట్టకండి, దండం పెడతాను. ఏ తెలుగువాడూ "మూడు నిమిషాలు మరియు ఇరవై సెకన్లు" అనడు. అక్కడ అతి చిన్న నిశ్శబ్దం ఉన్న ఫైల్ పెట్టేయండి.

[ఆడియో: "ఇరవై." వెంటనే "అరవై."]

విన్నారా? గాల్లో ఈ రెండూ ఒకటే. లింక్ క్వాలిటీ అరవై అంటే ఇంకా సమయం ఉంది, ఇరవై అంటే ప్లేన్ చేయి జారుతోంది. పదిహేను, పదిహేడు కూడా అంతే. ఇంగ్లీష్‌లోనూ ఫోర్టీన్, ఫోర్టీ అని ఇదే గొడవ ఉంది, కాబట్టి భాషని తిట్టి లాభం లేదు. రికార్డ్ చేసేటప్పుడు "ఇ" మీద, "అ" మీద కాస్త ఒత్తి పలకండి, పదిహేనులో "హే"ని, పదిహేడులో "డు"ని సాగదీయండి. మీరు లెక్కలన్నీ ఇంగ్లీష్‌లోనే చెప్పుకునేవాళ్లయితే, అంకెల ఫైళ్లు ముట్టుకోకుండా హెచ్చరికలు మాత్రం తెలుగులో పెట్టుకోండి. "ప్లేన్ బ్యాటరీ", ఆ వెంటనే "ఫోర్టీన్ పాయింట్ త్రీ". మన నోట్లో వచ్చేదీ అలాగే కదా. గొంతు ఒకటి కాదన్న తేడా తప్ప ఇబ్బందేమీ లేదు.

ఇక మోడల్‌కి ప్రత్యేకంగా. ఈఎన్‌లో మీ మోడల్ పేరుతోనే ఒక ఫోల్డర్ చేయండి. మోడల్ పేరులో ఖాళీలు లేకుండా చూసుకుంటే తలనొప్పి ఉండదు. అందులో నేమ్ అని ఒక వేవ్ ఫైల్ పెడితే, ఆ మోడల్ ఎంచుకోగానే పలుకుతుంది. ఒకే రేడియోతో నాలుగు ప్లేన్లు ఎగరేసేవాళ్లు దీన్ని తప్పకుండా పెట్టుకోవాలి. వేరే మోడల్ సెట్టింగ్‌తో టేకాఫ్ చేస్తే ఎలరాన్ (ప్లేన్‌ని పక్కకి వాల్చే రెక్క మీది పలక) తిరగబడి ఉండొచ్చు. అదే ఫోల్డర్‌లో స్విచ్ పేరు, హైఫన్, అప్ లేదా మిడ్ లేదా డౌన్ అని ఫైళ్లు పెడితే స్విచ్ తిప్పగానే వాటంతట అవే పలుకుతాయి, స్పెషల్ ఫంక్షన్ కూడా అక్కర్లేదు.

ఆర్మ్ స్విచ్‌కి "ఆర్మ్", "డిసార్మ్" అని పెట్టకండి, రెండోదాంట్లో మొదటి ముక్క గాలికి ఎగిరిపోతే రెండూ ఒకటే. నాది "మోటార్ ఆన్ స్విచ్", "ఆపేశా". "స్విచ్" అన్న మాట కావాలనే పెట్టాను. రేడియోకి తెలిసింది స్విచ్ కదిలిందని మాత్రమే. క్వాడ్ (నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్) లోపల దాన్ని నడిపే ఫ్లైట్ కంట్రోలర్ బోర్డు ఆర్మ్ అవ్వడానికి ఒప్పుకుందో లేదో దానికి తెలియదు. అలాగే "ఆపేశా" అని వినగానే ప్రొపెల్లర్ దగ్గర చేయి పెట్టొద్దు, కళ్లతో చూసి, బ్యాటరీ పీకాకే పెట్టాలి.

[స్క్రీన్: లాజికల్ స్విచ్ పేజీ]

చివరగా లిపో హెచ్చరిక. నాలుగు సెల్లుల బ్యాటరీ అనుకుందాం. లాజికల్ స్విచ్‌లో, నా ప్లేన్‌లో బ్యాటరీ వోల్టేజ్ చెప్పే ఆర్ఎక్స్‌బీటీ సెన్సర్ 14.0 కన్నా తక్కువైతే, అంటే సెల్‌కి మూడున్నర. డిలే రెండు సెకన్లు పెట్టండి, లేకపోతే థ్రాటిల్ గట్టిగా కొట్టినప్పుడల్లా వోల్టేజ్ ఒక్క క్షణం కుంగి అనవసరంగా అరుస్తుంది. స్పెషల్ ఫంక్షన్స్‌లో ఆ స్విచ్‌కి ప్లే ట్రాక్, మీ ఫైల్, రిపీట్ పది సెకన్లు. నా ఫైల్‌లో ఉన్న మాట "ప్లేన్ బ్యాటరీ, దింపు".

కార్డ్‌ని ఎజెక్ట్ చేశాకే కేబుల్ తీయండి. పలకకపోతే ముందు ఫైల్ పేరు, తర్వాత ఏ ఫోల్డర్‌లో ఉందో, ఆ తర్వాత ఫార్మాట్, ఈ వరుసలో చూడండి. మెల్లగా వినపడితే రేడియో సెటప్‌లో వేవ్ వాల్యూమ్ వేరేగా ఉంటుంది, అది పెంచండి. ఇంట్లో బావుందని వదిలేయకండి, బయటికి తీసుకెళ్లి, రేడియోని మెడకి తగిలించుకుని, పక్కన ఒకరు మోటార్ తిప్పుతుండగా వినండి.

మీలో సీ ప్లస్ ప్లస్ వచ్చినవాళ్లకి ఒక పని అప్పగిస్తున్నాను. ఎడ్జ్‌టీఎక్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది, ఒక్కో భాషకీ అంకెలు అతికించే ఫైల్ వేరుగా ఉంటుంది. ఇంగ్లీష్‌ది చూస్తే చిన్నదే. నూట, వంద, వెయ్యి, వేల, ఈ తేడాలు అందులో రాసేస్తే నేను పైన చెప్పిన సర్దుబాట్లు సగం అక్కర్లేదు. ఎవరైనా మొదలుపెడితే కామెంట్‌లో చెప్పండి, అంకెల రికార్డింగ్ నేను ఇస్తాను.