లేక్ వ్యూ ఫ్లాట్ రివ్యూ: బాల్కనీ ఎదురుగా గుర్రపు డెక్క ఉంటే కొనొచ్చా?

నమస్తే అండీ. ఇవాళ చూడబోయేది హైదరాబాద్ శివార్లలో ఐదో అంతస్తులో ఉన్న ఒక త్రీ బీహెచ్‌కే. బిల్డర్ పేరు, చెరువు పేరు చెప్పను. ఇది ఆ ఒక్క చెరువు సమస్య కాదు, పైగా వాళ్లతో గొడవ నాకెందుకు!

లోపలి సంగతి త్వరగా చెప్పేస్తాను. గాలి, వెలుతురు బాగున్నాయి. కిచెన్‌కి యుటిలిటీ విడిగా ఇచ్చారు. మాస్టర్ బెడ్‌రూమ్‌లో మంచం, బీరువా పడ్డాక కూడా తిరగడానికి చోటు మిగులుతుంది. పూజ గది ఇరుకు, అంతే. అసలు కథ బాల్కనీలో ఉంది.

ఇదిగో, కెమెరా తిప్పుతున్నా. క్రికెట్ గ్రౌండ్‌లా పచ్చగా ఉంది కదా? అది గడ్డి కాదండీ, గుర్రపు డెక్క. చెరువు దాని కింద ఉంది. బ్రోచర్‌లో వేసిన నీలం నీళ్ల కోసం వెతక్కండి.

ఇది దక్షిణ అమెరికా మొక్క. ఊదారంగు పూలు చూసి ముచ్చటపడి పెంచుకున్నారు, అలా పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్ వైపు నుంచి మన దేశంలోకి వచ్చింది. తనకు నచ్చిన నీళ్లు దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. పైకి తీసేసినా బురదలో విత్తనాలు ఏళ్ల తరబడి బతికే ఉంటాయి.

మరి దానికి నచ్చే నీళ్లేవి? మన డ్రైనేజీ నీళ్లు. వాటిలో ఉండే నత్రజని, భాస్వరమే దానికి ఎరువు. అందుకే ఇలాంటి చోట నేను మొక్కను పట్టించుకోను, చెరువులోకి నాలా ఎక్కడ కలుస్తుందో వెతుకుతాను. ఇక్కడ ఎడమ వైపు, ఆ తాటిచెట్ల వెనకాల కలుస్తోంది. నల్లటి నీళ్లు, నురగ.

సేల్స్ వాళ్లను అడిగితే "రిజిస్ట్రేషన్ అయ్యేలోపు క్లీన్ చేసేస్తారు సార్" అన్నారు. చెయ్యొచ్చు, కాదనను. మిషన్లు దింపి తీస్తారు, ఫొటోలు కూడా వస్తాయి. కానీ మురుగు ఆగకపోతే కొన్ని నెలల్లో మళ్లీ ఇదే సీన్. కాబట్టి మీరు అడగాల్సింది క్లీనింగ్ గురించి కాదు. ఎగువన ఎస్‌టీపీ, అంటే మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు, ఉందా? ఉంటే నడుస్తోందా? మురుగును పక్కకు మళ్లించే లైన్ వేశారా? ఈ మూడు ప్రశ్నలకు ఇక్కడ నాకు దొరికిన జవాబు "కనుక్కుని చెప్తాం సార్".

ఇక దోమలు. ఇలాంటి ఇల్లు పొద్దున పదకొండింటికి చూపిస్తే వెళ్లకండి. చీకటి పడే వేళకు వెళ్లి బాల్కనీలో నిలబడండి. నేను నిలబడ్డాను, ఆ వీడియోలో చెయ్యి ఆడించడం తప్ప ఇంకేం లేదు, అందుకే వెయ్యట్లేదు. మురుగు నీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమకు ఈ ఆకుల చాటు భలే రక్షణ, చేపలు అక్కడికి వచ్చి పిల్లపురుగుల్ని తినలేవు. మన వైపు ఫైలేరియాను (బోదకాలు జబ్బును) మోసేది ఆ జాతే. మాన్సోనియా అని ఇంకో రకం ఉంది, దాని పిల్లపురుగులు ఈ మొక్క వేళ్లకే అతుక్కుని వాటిలోంచి గాలి పీల్చుకుంటాయి. డెంగీ దోమ మాత్రం వేరు. అది ఎక్కువగా మన కూలర్లో, పూలకుండీ కింద ప్లేట్లో పెరుగుతుంది. ఆ తప్పు చెరువు మీద వెయ్యకండి. మెష్ తలుపులు ఎలాగూ పెట్టిస్తారు, కానీ బాల్కనీ కోసమే ఎక్కువ డబ్బు కట్టి దాన్ని మూసుకుని కూర్చోవడమేంటి?

ఇంకొకటి, చాలామంది అడగరు. పైన ఇంత దట్టంగా పరుచుకుంటే నీళ్లలోకి వెలుతురు పోదు, ఆక్సిజన్ పడిపోతుంది, అడుగున కుళ్లు మొదలవుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చిందంటే అది హైడ్రోజన్ సల్ఫైడ్. ఆ గ్యాస్‌కు ఏసీలోని రాగి గొట్టాలు నల్లబడి తినేసుకుపోతాయి. పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో కాసేపు మాట్లాడండి. ఏసీ మెకానిక్ ఎన్నిసార్లు వస్తున్నాడో ఆయనకు తెలుస్తుంది.

కాగితాల సంగతి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా అనే సంస్థ వచ్చాక ఎఫ్‌టీఎల్ అనే మాట అందరి నోళ్లలో నానింది. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు అది. రాష్ట్ర బిల్డింగ్ రూల్స్ ప్రకారం ఆ హద్దు నుంచి, 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకుండా ఖాళీ, వదలాలి. ఇక్కడ చిక్కేంటంటే, డెక్క కప్పేసిన చెరువుకు ఒడ్డు ఎక్కడో కంటికి తెలియదు. నేలనుకున్నది నీళ్లు కావొచ్చు. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో మ్యాపు తీసి, ఆ హద్దు ఇంకా మారే వీలున్న ప్రిలిమినరీ నోటిఫికేషనా, ఖరారైన ఫైనలా చూసుకోండి. అలాగే అలుగు దగ్గరకు నడిచి వెళ్లండి. డెక్క అక్కడ గుట్టగా పేరుకుని ఉంటే వానాకాలంలో నీళ్లు పోయే దారి లేదన్నమాట. 2020 అక్టోబరు వానలకు ఈ నగరంలో చెరువు కట్టలు తెగి కాలనీలు మునగడం చూశాం.

నా రేటింగ్: ఇంటికి పదికి ఎనిమిది, ఎదురుగా ఉన్నదానికి పదికి రెండు. లేక్ వ్యూ పేరుతో చదరపు అడుగుకు అదనంగా అడుగుతున్నారు, నేనైతే రూపాయి కూడా ఇవ్వను. ఈ ఏరియానే కావాలి, ఆఫీసు దగ్గర, పిల్లల స్కూలు దగ్గర అనుకుంటే, ఎఫ్‌టీఎల్ లెక్క సరిపోయాకే, ఇదే ప్రాజెక్టులో రోడ్డు వైపు బ్లాకులో పై అంతస్తులు అడగండి. అటు రేటు తక్కువ, గాలి చెరువు మీంచి నేరుగా కొట్టదు. అద్దెకివ్వడానికి కొనేవాళ్లు మాత్రం, ఎస్‌టీపీ నడుస్తోందని కళ్లారా చూసేదాకా అడ్వాన్సు కట్టకండి.