నజరేతు ఇంట్లో ఎంతమంది?

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ ఎపిసోడ్‌కు కారణం పాలకొల్లు దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం. రాసినావిడ ఆర్.సి.ఎం., అంటే రోమన్ కతోలికుల ఇంటి ఆడపిల్ల, మెట్టినది ప్రొటెస్టంట్లలో బ్రదరెన్ సమాజం వాళ్ల ఇల్లు. ఒకరోజు కుటుంబ ప్రార్థనలో మార్కు సువార్త ఆరో అధ్యాయం చదివాక మామగారు, "చూశావా అమ్మా, మరియకు ఇంకా పిల్లలున్నారని వాక్యమే చెబుతోంది" అన్నారట. జపమాల చెప్పుకుంటూ పెరిగిన ఈవిడకు ఏం జవాబివ్వాలో తోచలేదట. నరసాపురంలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు మనతో ఉన్నారు. మాస్టారూ, ఆ మామగారు చెప్పింది నిజమేనా?

మాస్టారు: చదివింది నిజమేనమ్మా. నజరేతు ఊరివాళ్లు యేసును చూసి, ఈయన వడ్రంగి కదా, మరియ కొడుకు కదా, యాకోబు, యోసే, యూదా, సీమోనులకు సహోదరుడు కదా, ఈయన అక్కచెల్లెళ్లు మన మధ్యే ఉన్నారు కదా అనుకుంటారు. నలుగురు మగవాళ్ల పేర్లు ఉన్నాయి. ఆడవాళ్ల పేర్లు లేవు, ఎంతమందో కూడా లేదు. మన తాతల నాటి వంశవృక్షాలూ అలాగే ఉంటాయి, అదేం వింత కాదు. కానీ ఆ నలుగురినీ మరియ కన్నదని ఆ వచనంలో ఎక్కడుంది? అది మామగారు కలుపుకున్నది. కన్నది కాదని కూడా లేదు. అది కోడలిగారి పుట్టింటివాళ్లు కలుపుకున్నది.

వ్యాఖ్యాత: అంటే ఇద్దరికీ చోటుందంటారు.

మాస్టారు: ముగ్గురికి ఉంది. నాలుగో శతాబ్దానికల్లా మూడు వాదాలు తయారయ్యాయి. ఆ నలుగురూ యేసుకు తమ్ముళ్లని ఒకటి. అన్నలని ఇంకొకటి. పెద్దమ్మ కొడుకులో పిన్ని కొడుకులో అని మూడోది. ఈ రోజు దాకా నాలుగో వాదం గట్టిగా నిలబడలేదు.

వ్యాఖ్యాత: తమ్ముళ్లన్నది ఎవరు?

మాస్టారు: హెల్విడియస్ అని రోములో ఒకాయన. ఆయన చేతిలో రెండు వచనాలు. మత్తయి మొదటి అధ్యాయం చివర, మరియ కుమారుని కనే వరకు యోసేపు ఆమెను కూడలేదని ఉంది. లూకా రెండో అధ్యాయంలో తొలిచూలు కుమారుడని ఉంది. 'కనే వరకు' అన్నారంటే ఆ తర్వాత కాపురం చేశారనేగా, తొలిచూలు అన్నారంటే మలిచూలు ఉన్నట్టేగా అన్నాడు. ఈ రోజు మన భీమవరంలోనో అమలాపురంలోనో ఒక పెంతెకొస్తు పాస్టరుగారిని అడిగితే సరిగ్గా ఈ రెండు వచనాలే చూపిస్తారు. హెల్విడియస్ పేరు మాత్రం ఆయన విని ఉండరు. హెల్విడియస్ రాసిన పుస్తకం కూడా మిగల్లేదు. ఆయనను తిట్టడానికి, బైబిలును లాటిన్‌లోకి అనువదించిన జెరోము 383లో రాసిన పుస్తకం మిగిలింది, అందులోంచే ఈయన ఏమన్నాడో మనకు తెలుస్తోంది. ఓడినవాడి మాట గెలిచినవాడి తిట్లలో బతికి ఉందన్నమాట.

వ్యాఖ్యాత: జెరోము ఏమన్నాడు మరి?

మాస్టారు: పాత నిబంధనలో 'వరకు' అన్న ప్రతిచోటా ఆ తర్వాత పరిస్థితి మారిందని అర్థం కాదు, ఉదాహరణలు చూపించాడు. తొలిచూలు అంటే మొదట పుట్టినవాడు, తర్వాత ఎవరూ పుట్టకపోయినా ధర్మశాస్త్రం ప్రకారం తొలిచూలే. ఇంతవరకు బాగానే ఉంది. ఇక ఆ నలుగురి సంగతి. సిలువ దగ్గర నిలబడ్డ ఆడవాళ్లలో యాకోబు, యోసేల తల్లి అయిన మరియ ఒకావిడ ఉంది. ఆవిడ యేసు తల్లికి అక్కచెల్లెళ్ల వరస, ఆవిడ పిల్లలే వీళ్లన్నాడు. అంతటితో ఆగక, వాళ్లలో యాకోబు పన్నెండుమంది అపొస్తలుల్లోని అల్ఫయి కుమారుడు యాకోబే అన్నాడు. అక్కడ నాకు మింగుడుపడదు. యోహాను ఏడో అధ్యాయంలో ఆయన సహోదరులు ఆయనను నమ్మలేదని స్పష్టంగా ఉంది. నమ్మనివాడు అపొస్తలుడెలా అయ్యాడు?

వ్యాఖ్యాత: మా అమ్మమ్మ ఇంట్లో పటంలో యోసేపుకు తెల్ల గడ్డం ఉండేది. అది ఆ అన్నల వాదం నుంచి వచ్చిందేనా?

మాస్టారు: భలే పట్టుకున్నావు. క్రిస్మస్ నాటకంలో కూడా యోసేపు వేషం వేసే కుర్రవాడికి దూది గడ్డం అంటిస్తారు. సువార్తల్లో యోసేపు వయసు లేనే లేదు. రెండో శతాబ్దంలో యాకోబు పేరు మీద ఒక పుస్తకం పుట్టింది, బైబిల్లో చేరలేదు. అందులో యోసేపు భార్య పోయిన ముసలివాడు. యాజకులు ఊళ్లోని విధురులందరినీ పిలిచి కర్రలు తెమ్మంటే, ఈయన కర్రలోంచి పావురం వచ్చి తల మీద వాలుతుంది. నాకు కొడుకులున్నారు, ముసలివాణ్ణి, ఈ చిన్నపిల్లను తీసుకెళితే నలుగురూ నవ్వుతారని మొత్తుకుంటాడు పాపం. ఆ కొడుకులే యేసుకు సవతి అన్నలు. సైప్రస్ బిషప్పు ఎపిఫానియస్ దీన్ని నాలుగో శతాబ్దంలో గట్టిగా సమర్థించాడు. ఆర్థడాక్సు సంఘాలు ఇప్పటికీ ఇదే నమ్ముతాయి. మరియ తల్లిదండ్రులు అన్నమ్మ, యోవాకీములన్న పేర్లు కూడా ఆ పుస్తకం నుంచి వచ్చినవే. పుస్తకాన్ని పక్కనపెట్టినా దాని పాత్రలకు మాత్రం పండుగలు చేస్తున్నాం.

వ్యాఖ్యాత: కతోలికులు ఈ మూడింటిలో ఏది నమ్మాలని ఉంది?

మాస్టారు: మరియ జీవితాంతం కన్యగానే ఉందన్నది వాళ్లకు తప్పనిసరి. 553లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ ఆమెను నిత్యకన్య అని ప్రస్తావించింది. కానీ ఆ నలుగురూ పిన్ని కొడుకులా, సవతి అన్నలా అన్నది కచ్చితంగా ఇదేనని కట్టుబాటు లేదు. పడమటి సంఘం జెరోము వైపు మొగ్గింది, అంతే. ఇక్కడే ఒక పొరపాటు సరిదిద్దాలి. ఏటా ఫిబ్రవరి 11న గుణదల తిరునాళ్లకు మన జిల్లాల నుంచి బస్సులు కట్టుకుని వెళ్తారు. అక్కడి మాత లూర్దు మాత. 1858లో లూర్దులో బెర్నదెత్‌కు ఆమె తాను నిష్కళంకోద్భవినని చెప్పిందని నమ్మకం. నిష్కళంకం అంటే యేసు కన్యకు పుట్టడమని ఇటు ప్రొటెస్టంట్లే కాదు, కతోలికుల్లోనూ చాలామంది అనుకుంటారు. కాదు. మరియ తన తల్లి కడుపులో పడ్డప్పుడే, ఆదాము నుంచి మనుషులందరికీ వచ్చే జన్మపాపం ఆమెకు అంటలేదన్నది ఆ సిద్ధాంతం. 1854లో తొమ్మిదో పయస్ పోపు ప్రకటించాడు. తమ్ముళ్ల గొడవకు దానితో సంబంధం లేదు.

వ్యాఖ్యాత: బ్రదరెన్ వాళ్లకు ఈ మహాసభలూ, పోపు ప్రకటనలూ లెక్కలోకి రావు కదా?

మాస్టారు: రావు. బ్రదరెన్ ఉద్యమం ఆరంభకుల్లో ఒకడైన గ్రోవ్స్‌తో పాటు 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం చుట్టూ పని మొదలుపెట్టారు. బిషప్పు లేడు, పట్టాభిషిక్తుడైన గురువు లేడు, ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు, బల్ల మీద బైబిలు ఒక్కటే. అలాంటి ఇంట్లో మార్కు 6:3 చదివితే మామగారు అన్నట్టే అర్థమవుతుంది. కానీ ఆయనకు ఒక మాట చెప్పాలి. రాజమండ్రి లూథరన్లు ఎవరి పేరు పెట్టుకున్నారో ఆ లూథర్, మరియ నిత్యకన్య అనే నమ్మాడు. జ్యూరిచ్‌లో జ్వింగ్లీ కూడా అంతే. కాల్విన్ అయితే, మత్తయిలోని ఆ 'వరకు'ను పట్టుకుని ఏదీ తేల్చలేమని, దాని మీద వాదించేవాడు జగడాలమారి అని విసుక్కున్నాడు. ప్రొటెస్టంటు అంటేనే తమ్ముళ్ల వాదమన్నది తర్వాత గట్టిపడింది.

వ్యాఖ్యాత: ఉత్తరం రాసినావిడ ఇంకొకటి అడిగారు. సిలువ మీద యేసు తల్లిని శిష్యుడికి అప్పగించాడు కదా, సొంత కొడుకులుంటే పరాయివాడికి ఎందుకు అప్పగిస్తాడని.

మాస్టారు: ఇది కతోలికుల బలమైన వాదం. మన ఊళ్లో విధవరాలైన తల్లిని, కొడుకులు ఉండగా ఇంకొకరింటికి పంపితే రేవులో నెలరోజులు అదే మాట. అవతలివాళ్ల జవాబు, అప్పటికి ఆ కొడుకులు నమ్మలేదు, అక్కడ లేరు అని. ఆ జవాబు నాకు సగమే నచ్చుతుంది. ఎందుకంటే కొద్ది వారాలకే, అపొస్తలుల కార్యాలు మొదటి అధ్యాయంలో మేడగదిలో మరియ, ఆయన సహోదరులు కలిసి ప్రార్థన చేస్తుంటారు. తేలని లెక్క ఇది. అయితే అమ్మా, నాకు అసలు బాధ ఇది కాదు.

వ్యాఖ్యాత: చెప్పండి.

మాస్టారు: వాళ్లు ఎవరి కడుపున పుట్టారన్న దాని మీద పదహారు వందల ఏళ్లు కొట్టుకున్నాం. వాళ్లు ఏం చేశారో ఎవరికీ పట్టదు. యాకోబునే తీసుకో. అన్నదమ్ముణ్ణి నమ్మనివాడు యెరూషలేము సంఘానికి పెద్ద అయ్యాడు. యూదేతరులు సున్నతి చేయించుకోవాలా అన్న తగవులో, పేతురు మాట్లాడాక, చివరి తీర్పు చెప్పింది యాకోబే. పౌలు తాను యెరూషలేము వెళ్లినప్పుడు పేతురును కాక ఇంకెవరిని చూశానని గలతీయులకు రాశాడు? ప్రభువు సహోదరుడైన యాకోబును. బైబిలు బయట కూడా ఉన్నాడు. యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు: రోమా అధిపతి ఫేస్తు చనిపోయి కొత్తవాడు అల్బీను ఇంకా దారిలో ఉండగా, సందు చూసుకుని అననస్ అనే ప్రధాన యాజకుడు, క్రీస్తు అనబడిన యేసు సహోదరుడైన యాకోబును రాళ్లతో కొట్టించాడు. 62వ సంవత్సరం. విశేషం ఏమిటంటే, ధర్మశాస్త్రం బాగా తెలిసిన యెరూషలేము పౌరులే అది అన్యాయమని ఫిర్యాదు చేశారు. ఆ యాజకుడి పదవి ఊడింది. ఇది ఎంత పెద్ద కథ! ఏ సంఘంలోనైనా దీని మీద ప్రసంగం విన్నావా?

వ్యాఖ్యాత: నేనైతే వినలేదు. ఆ తర్వాత కుటుంబం ఏమైంది?

మాస్టారు: యాకోబు తర్వాత యెరూషలేములో పెద్దగా క్లోపా కొడుకు సుమెయోనును ఎన్నుకున్నారు. క్లోపా యోసేపు తమ్ముడో అన్నో అని రెండో శతాబ్దపు క్రైస్తవ రచయిత హెగెసిప్పస్ రాశాడు. అంటే పెత్తనం ఇంట్లోనే ఉంది. నాకు మరీ ఇష్టమైనది ఇంకొకటి, అదీ హెగెసిప్పస్ చెప్పిందే, నాలుగో శతాబ్దంలో యూసేబియస్ తన సంఘ చరిత్రలో భద్రపరిచాడు. ఆ నలుగురిలోని యూదా మనవలను దావీదు వంశస్థులని దొమితియను చక్రవర్తి ముందు నిలబెట్టారు. రాజవంశం కదా, తిరుగుబాటు చేస్తారని భయం. మీ ఆస్తి ఎంత అని అడిగితే, ఇద్దరికీ కలిపి తొమ్మిది వేల దెనారాలు, అంటే రోమా వెండి నాణేలు, అదీ డబ్బు కాదు, 39 ప్లెత్రాల (అప్పటి భూమి కొలత) పొలం విలువ, మేమే దున్ని పన్ను కట్టి దాని మీద బతుకుతున్నామన్నారు. నమ్మకం కుదరడానికి చేతులు చాపి కాయలు కాచిన అరచేతులు చూపించారు. ఆయన వీళ్లు ఉత్త పల్లెటూరి మనుషులని వదిలేశాడు. శిస్తు రసీదు చేతిలో పట్టుకుని తాలూకా కచేరీ అరుగు మీద నిలబడ్డ మన చిన్న రైతులకు ఈ కథ ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

వ్యాఖ్యాత: యేసుకు భార్య ఉందన్న వాదం గురించి కూడా కొందరు అడుగుతుంటారు.

మాస్టారు: దాని మీద ఎక్కువ సమయం వద్దు. 2012లో యేసు భార్య ప్రస్తావన ఉందంటూ ఒక పాపిరస్ (పాతకాలపు రెల్లు కాగితం) ముక్క బయటపడి పత్రికలకెక్కింది, 2016కల్లా దాన్ని లోకానికి చూపించిన ప్రొఫెసరే అది నకిలీ అయి ఉండవచ్చని ఒప్పుకున్నారు. పౌలు కొరింథీయులకు రాస్తూ, భార్యను వెంట తీసుకుని తిరిగే హక్కు మాకు లేదా, మిగిలిన అపొస్తలుల్లాగా, ప్రభువు సహోదరుల్లాగా, కేఫాలాగా, అంటే పేతురులాగా, అంటాడు. ప్రభువుకే భార్య ఉంటే ఆ పేరు ముందు చెప్పేవాడు కదా. ఆ సహోదరులకు భార్యలు ఉన్నారని, వాళ్లు కలిసి ప్రయాణాలు చేశారని మాత్రం ఇందులో తెలుస్తోంది.

వ్యాఖ్యాత: మీరు ఏది నమ్ముతారు మాస్టారూ? దాటవేయకండి.

మాస్టారు: చరిత్ర చదివినవాడిగా తమ్ముళ్లనే అనుకుంటాను. మార్కును ముందు ఏ అభిప్రాయమూ లేకుండా చదివితే అదే తోస్తుంది. కానీ సవతి అన్నలు కాదని రుజువు చేయమంటే నా దగ్గర ఏమీ లేదు. మా ఆవిడ ఆర్.సి.ఎం., ఈ మాట వింటే రాత్రి చేపల పులుసు ఉండదు.

వ్యాఖ్యాత: ఉత్తరం రాసినావిడ మామగారికి ఏం చెప్పాలి?

మాస్టారు: ఏమీ చెప్పనక్కరలేదు. రేపటి కుటుంబ ప్రార్థనలో యూదా పత్రిక చదవమని అడగమను. మొత్తం 25 వచనాలే. మొదటి వచనంలో ఆయన తనను తాను యేసుక్రీస్తు దాసుడు, యాకోబు సహోదరుడు అని చెప్పుకున్నాడు. ఈ యూదా ఆ నలుగురిలో ఒకడేనని సంఘం పాతకాలం నుంచి అనుకుంటూ వచ్చింది. పండితుల్లో కాదనేవాళ్లూ ఉన్నారు. ఆ నలుగురిలో వాడే అయితే, యాకోబుకు సహోదరుణ్ణని చెప్పి, యేసుకు మాత్రం దాసుణ్ణనే ఎందుకు అన్నాడో మామగారినే అడగమను.

వ్యాఖ్యాత: శ్రోతలూ, మీ ఇళ్లలో ఏమనుకున్నారో మాకు ఉత్తరం రాసి పంపండి. కొన్నింటిని వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాం.