కొత్త బైకు బ్యాటరీ: బండికి బిగించే ముందు ఒక్క రాత్రి ఆగండి

నమస్కారమండీ. విజయనగరంలో మా ఇంటి వరండా ఇది. బల్ల మీద రెండు బ్యాటరీలు కనిపిస్తున్నాయి కదా. ఎడమ వైపున్నది పాతది, 14 నెలలకే చేతులెత్తేసింది. కుడి వైపున్నది మొన్న సాయంత్రం కొన్నది. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రకం, ఒకే సైజు. అందుకే ఈ రోజు ఫలానా కంపెనీ గొప్పది, ఫలానాది దండగ అని చెప్పబోవడం లేదు. తిరుపతి దగ్గర తయారయ్యే అమరాన్ అయినా, కోల్‌కతా వాళ్ళ ఎక్సైడ్ అయినా, షాపు నుంచి తెచ్చిన మొదటి రాత్రి మనం దాన్ని ఎలా చూసుకున్నామన్న దాని మీదే చాలా వరకు దాని ఆయుష్షు ఉంటుంది. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి.

ఎలా పోగొట్టుకున్నానో చెబుతాను. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం రోజు. దసరా వెళ్ళిన మంగళవారం ఊళ్ళో జనం ఎలా ఉంటారో మన జిల్లా వాళ్ళకు చెప్పక్కరలేదు. బండిని దూరంగా ఒక సందులో పెట్టి, సిరిమాను చూసి, చీకటి పడ్డాక తిరిగి వచ్చాం. మా ఆవిడ భుజం మీద పిల్లాడు నిద్రపోతున్నాడు. బటన్ నొక్కితే టక్ టక్ మని చప్పుడు, అంతే. కిక్కర్ లేని బండి. ఎవరో కుర్రాళ్ళు సాయం వచ్చి, "అన్నయ్యా, సెకండ్ గేరులో పెట్టండి, మేం తోస్తాం" అన్నారు. మూడు సందులు తోశారు పాపం. అయినా కదల్లేదు.

ఎందుకు కదల్లేదంటే, పాత కార్బ్యురేటర్ బండ్లు చాలా వరకు బ్యాటరీ చచ్చినా కిక్కు కొడితే లేచేవి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 బండ్లలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. పెట్రోలు పంపుకూ, లోపలున్న చిన్న కంప్యూటర్‌కూ కరెంటు కావాలి. బ్యాటరీ పూర్తిగా పడిపోతే ఎంత తోసినా పెట్రోలు ఇంజిన్ దాకా రాదు. దానికి తోడు 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్ల హెడ్‌లైటు పగలు కూడా వెలుగుతూనే ఉంటుంది. అంటే ఇప్పటి బ్యాటరీకి పని ఎక్కువ, విశ్రాంతి తక్కువ.

ఆ బ్యాటరీని నేను ఎలా బిగించుకున్నానో గుర్తు చేసుకున్నాను. షాపులో అట్టపెట్టె విప్పారు, బండికి పెట్టారు, బటన్ నొక్కి చూపించారు, స్టార్ట్ అయింది. "తిరుగుతుంటే అదే ఛార్జ్ అయిపోతుంది బాబూ" అన్నారు. నేనూ నమ్మాను. తప్పు వాళ్ళది సగం, నాది సగం. నేను తిరిగేది ఎంత? ఇంటి నుంచి గంటస్తంభం, అక్కడి నుంచి కూరగాయలకు, మళ్ళీ ఇల్లు. రెండు మూడు కిలోమీటర్లకు ఒకసారి ఆపడం, మళ్ళీ స్టార్ట్ చేయడం. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఛార్జింగ్ అంతంత మాత్రం. సగం ఆకలితో వచ్చిన బ్యాటరీ ఆ 14 నెలలూ సగం ఆకలితోనే బతికింది.

అలా ఆకలితో ఉంటే లోపల ఏం జరుగుతుందంటే, సీసం పలకల మీద లెడ్ సల్ఫేట్ అనే పొర పేరుకుంటుంది. బ్యాటరీ వాడినప్పుడల్లా అది ఏర్పడటం మామూలే, ఛార్జ్ చేయగానే కరిగిపోతుంది. కానీ ఛార్జ్ చేయకుండా వారాల తరబడి వదిలేస్తే, బెల్లం పాకం ముదిరినట్టు గట్టిపడుతుంది. ముదిరిన పాకాన్ని మళ్ళీ లేతపాకం చేయలేం కదా, ఇదీ అంతే. పలకలో అంత భాగం ఇక పని చేయదు.

ఇప్పుడు ఈ పాత బ్యాటరీని దగ్గరగా చూడండి. ఇది మల్టీమీటర్, వోల్టేజి కొలిచే పరికరం. దీని డయల్‌ను డీసీ 20 దగ్గర పెట్టాను. ఎర్ర ముల్లు ప్లస్ మీద, నల్ల ముల్లు మైనస్ మీద. 12.3 చూపిస్తోంది. ఫరవాలేదు, సగం దాకా ఉంది అనిపిస్తుంది కదా. దీన్నే ఇప్పుడు బండికి తగిలించి బటన్ నొక్కుతాను. మీటరు మీద కన్ను పెట్టండి. 12.3... 9... 7.4. చూశారా? ఊరికే కూర్చున్నప్పుడు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, బరువు ఎత్తమంటే కూలబడిపోతుంది. అందుకే "హారన్ మోగుతోంది, బ్యాటరీ బాగానే ఉంది" అనే మాట నమ్మకండి. హారన్‌కు కావలసింది కొద్ది ఆంపియర్లు. స్టార్టర్ మోటారు ఆ ఒక్క క్షణంలో పదుల ఆంపియర్లు లాగుతుంది. మంచి బ్యాటరీ అయితే ఆ క్షణంలో కూడా పది వోల్టుల దరిదాపుల్లో నిలబడాలి.

సరే, కొత్తది ఎలా ఎంచుకున్నానో చూద్దాం. ముందుగా పాత బ్యాటరీ మీద ఏం రాసి ఉందో ఫోటో తీసుకోండి. నాది 12 వోల్టులు, 5 ఏహెచ్. ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్, బ్యాటరీ ఎంత ఛార్జ్ పట్టుకోగలదో చెప్పే లెక్క. తర్వాత స్కేలు పెట్టి కొలవండి. ఈ తరగతిలో చాలా వాటికి పొడవు 113, వెడల్పు 70 మిల్లీమీటర్లు ఒకటే, ఎత్తు మాత్రం కొన్నిటికి 85, కొన్నిటికి 105. ఆ రెండు సెంటీమీటర్ల తేడాతో సీటు మూత పడదు. కొనేశాక షాపు చుట్టూ తిరగాల్సి వస్తుంది. మూడోది, ప్లస్ ఏ వైపు ఉందో చూసుకోండి. చూడటానికి ఒకేలా ఉన్న బ్యాటరీలకు ప్లస్, మైనస్ అటూ ఇటూ మారి ఉంటాయి. వైరు అందడం లేదని లాగి తిప్పి బిగిస్తే, అదృష్టం బాగుంటే ఫ్యూజు పోతుంది, లేకపోతే బ్యాటరీకి ఛార్జింగ్ పంపే రెక్టిఫయర్ కాలిపోతుంది.

పెద్ద ఏహెచ్ వేస్తే బండిలో కరెంటు పుట్టించే కాయిల్ కాలిపోతుందని కొందరు భయపెడతారు. స్థలం సరిపోతే 4 బదులు 5 వేసుకోవడం వల్ల కాలిపోయేదేమీ లేదు. పెద్ద బిందె నిండటానికి కొంచెం ఎక్కువ సేపు పడుతుంది, అంతే. లిథియం బ్యాటరీలు కూడా వస్తున్నాయి, తేలిగ్గా ఉంటాయి, ధర మాత్రం తేలిక కాదు. వాటికి ఛార్జర్ వేరు. మన అవసరానికి నేనైతే వాటి జోలికి వెళ్ళను.

రకాలు ముఖ్యంగా రెండు. ఒకటి, యాసిడ్ పోసే పాత రకం. రెండోది, ఇదిగో ఈ సీలు రకం. ఇందులో యాసిడ్ గాజు నారతో చేసిన మెత్తటి పొరల్లో ఇంకి ఉంటుంది. నీళ్ళు పోసే పని లేదు. అలాగని మొరటుగా వాడితే ఊరుకోదు. ఎక్కువ వోల్టేజి పెట్టి ఛార్జ్ చేస్తే లోపలి తేమ వాయువుగా మారి వాల్వులోంచి పోతుంది. పోయిన నీటిని మళ్ళీ పోయడానికి మూత ఉండదు.

షాపులో నేను అడిగినవి రెండే. తయారైన నెల చూపించండి, వోల్టేజి కొలిచి చూపించండి. షాపాయన మొహం కొంచెం చిన్నబుచ్చుకున్నారు. అయినా పరవాలేదు, డబ్బు మనది. తయారై ఐదు నెలలైంది. మీటరు పెడితే 12.61. సీలు రకం నిండుగా ఉంటే 12.8 పైన చూపించాలి. అంటే ఇది షాపులో కూర్చునే కొంత ఖర్చయిపోయింది. మన ఎండలకు అది మరీ తొందరగా జరుగుతుంది. 12.4 కన్నా తక్కువ చూపిస్తే మాత్రం తీసుకోకండి, ఇంకోటి అడగండి. పాతది మార్పిడికి ఇచ్చే మాటతో 1,400 అయింది. ఈ వీడియో కోసం పాతది రెండు రోజులు అట్టేపెట్టుకుంటానని చెప్పి తెచ్చుకున్నాను.

"ఇరవై నిమిషాలు మా పెద్ద ఛార్జర్ మీద పెట్టి ఇస్తాను" అన్నారాయన. వద్దన్నాను. ఎందుకో ఈ బ్యాటరీ పక్కనే రాసి ఉంది, కెమెరా దగ్గరికి తెస్తున్నాను చూడండి. 0.5 ఏ, అంటే అర ఆంపియర్, 5 నుంచి 10 గంటలు. దాని సామర్థ్యంలో పదో వంతు. కింద తొందర ఛార్జింగ్ లెక్క కూడా ఉంటుంది, అది దారిలో ఆగిపోయినప్పుడు పనికొచ్చేది. కారు బ్యాటరీలకు, ఇన్వర్టర్లకు వాడే ఛార్జర్‌కు ఈ అగ్గిపెట్టెంత బ్యాటరీని తగిలిస్తే వేడెక్కి, పలకలు వంకర తిరుగుతాయి. ఆ దెబ్బ పైకి కనిపించదు. ఏడాది తర్వాత ఏదో ఒక సందులో కనిపిస్తుంది.

అందుకే 850 పెట్టి ఈ చిన్న ఆటోమేటిక్ ఛార్జర్ కొన్నాను. అర ఆంపియర్ ఇస్తుంది, 14.4 వోల్టుల దాకా తీసుకెళ్ళి, నిండాక 13.6కు తగ్గి అక్కడే ఉంటుంది. ముందు క్లిప్పులు తగిలించాలి, ఎర్రది ప్లస్‌కు, నల్లది మైనస్‌కు. ఆ తర్వాతే స్విచ్ వేయాలి. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపి, తర్వాత క్లిప్పులు. ఛార్జ్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ రావచ్చు, నిప్పురవ్వ చాలు. వంటింట్లో వద్దు, దేవుడి దీపం దగ్గర వద్దు, పక్కన కూర్చుని బీడీ కాల్చడం అసలే వద్దు. వరండాలో గాలి ఆడే చోట పెట్టాను.

మా అమ్మ వచ్చి, "రాత్రంతా పెడితే కరెంటు బిల్లు ఎంతవుతుంది రా?" అంది. అర ఆంపియర్‌ను 14 వోల్టులతో హెచ్చిస్తే ఏడు వాట్లు. ఛార్జర్ సొంత ఖర్చు కలిపినా పది అనుకుందాం. పది గంటలకు వంద వాట్ అవర్లు, అంటే యూనిట్లో పదో వంతు. నీ పూజ గదిలో బల్బు కూడా అంతే తింటుందమ్మా అన్నాను. పదకొండుకు ఒకసారి కరెంటు పోయింది. ప్లగ్ తీసేసి, వచ్చాక మళ్ళీ పెట్టాను. పొద్దున్నే చూస్తే ఆకుపచ్చ దీపం వెలుగుతోంది.

అప్పుడే కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. క్లిప్పులు తీసి కొన్ని గంటలు ఆగాలి. నేను మధ్యాహ్నం దాకా ఆగాను. ఇప్పుడు చూడండి, 12.91.

యాసిడ్ పోసే రకం కొన్నవాళ్ళకు ఒక్క మాట. పక్కన గాలి గొట్టం మూతికి ఎర్ర రబ్బరు టోపీ ఉంటుంది. అది ముందు తీసేయాలి. మరిచిపోతే లోపల వాయువు నిండి డబ్బా ఉబ్బుతుంది, పగలవచ్చు కూడా. యాసిడ్ పై గీత దాకా పోసి, అరగంట నుంచి గంట దాకా కదపకుండా ఉంచి, తర్వాతే ఛార్జింగ్. ఆ తర్వాత ఎప్పుడు మట్టం తగ్గినా డిస్టిల్డ్ వాటరే పోయాలి. మళ్ళీ యాసిడ్ వద్దు, బావి నీళ్ళు అసలే వద్దు. చేతి మీద చుక్క పడితే వెంటనే ధారగా నీళ్ళతో కడుక్కోండి.

ఇక బిగిద్దాం. పాతది తీసేటప్పుడు నల్ల వైరు ముందు, కొత్తది పెట్టేటప్పుడు ఎర్ర వైరు ముందు. ఈ వరసలో చేస్తే స్పానర్ పొరపాటున బండి ఇనుముకు తగిలినా మెరుపు రాదు. ఈ టెర్మినల్ లోపల చదరపు నట్టు ఒకటి ఉంది చూడండి. బోల్టు పెట్టబోతే అది కిందికి జారిపోయి మన ఓపికను పరీక్షిస్తుంది. దాని కింద చిన్న రబ్బరు ముక్క పెడితే పైకి లేచి నిలబడుతుంది. నేను సైకిల్ ట్యూబు ముక్క వాడాను. వైరు కొసల మీద తెల్లటి పొడి పేరుకుంటే వంట సోడా కలిపిన నీళ్ళతో తుడిచి, ఆరాక వ్యాజిలిన్ రాయండి.

బటన్ నొక్కుతున్నాను. 10.8 దాకా దిగి, వెంటనే లేచింది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే 13.2. కొంచెం యాక్సిలరేటర్ ఇస్తే 14.2. బాగుంది. ఈ కొలత ప్రతి ఒక్కరూ చూసుకోవాలి. ఎక్కువ వేగంలో కూడా 13 దాటకపోతే లోపం బండి ఛార్జింగ్‌లో ఉంది, 15 దాటితే వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్ పోయినట్టు. అలాంటి బండిలో ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి.

మన జిల్లాల్లో సైన్యంలో ఉన్నవాళ్ళు ఎక్కువ. మా బావ కూడా అంతే, సెలవులకు వచ్చినప్పుడు బండి స్టార్ట్ కాదు, ప్రతిసారీ షాపు వాళ్ళను తిట్టడం. బావా, ఈ వీడియో నీ కోసమే. వెళ్ళేటప్పుడు నల్ల వైరు ఊడదీసి వెళ్ళు. నెలకొకసారి ఒక రాత్రి ఈ ఛార్జర్ పెట్టమని మీ తమ్ముడికి చెప్పు, పట్టుకెళ్ళమను, ఇక్కడే ఉంటుంది.

పాత బ్యాటరీని సాయంత్రం షాపులో ఇచ్చేస్తాను. సీసాన్ని కరిగించి మళ్ళీ వాడతారు, అందుకే దానికి ధర కడతారు. చెత్తబండిలో మాత్రం పడేయకండి, అందులో ఇంకా యాసిడ్ ఉంది.