గళ్ల కోటు పెద్దమనిషి

సభకు నమస్కారం. మహారాష్ట్రలో ఉన్న బల్లార్‌పూర్ తెలుగువాళ్లకి కాగితం గురించి నేను చెప్పేదేముంది, పేపర్ మిల్లు ఊరు మనది. అదే కాగితం మీద గీతలు గీస్తూ బతికిన కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ గురించి నాలుగు మాటలు చెబుతాను.

ఆయన 1921లో మైసూరులో పుట్టారు. ముంబైలో జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ సీటివ్వలేదు. ఇవ్వకపోవడమే మంచిదైందని నా అభిప్రాయం. ఫ్రీ ప్రెస్ జర్నల్‌లో కొంతకాలం పనిచేశారు, అక్కడ తోటి కార్టూనిస్టు బాల్ ఠాక్రే. తర్వాత టైమ్స్ ఆఫ్ ఇండియాలో చేరి దశాబ్దాల పాటు అక్కడే ఉండిపోయారు. ఏషియన్ పెయింట్స్ డబ్బా మీది గట్టూ గుర్తున్నాడా? ఆ అల్లరి పిల్లాడూ ఈయన గీసినవాడే.

అసలు సంగతి 1951లో మొదలైన 'యు సెడ్ ఇట్' అనే చిన్న కార్టూను. దేశంలో మామూలు మనుషుల్ని చూపించాలంటే ఎవర్ని గీయాలి? మొదట్లో బెంగాలీని, తమిళుణ్ణి, పంజాబీని, ఇలా ఒక్కో రాష్ట్రం మనిషిని వాళ్ల వాళ్ల వేషాల్లో గీసేవారు. పేపరు ప్రెస్సుకెళ్లే టైమేమో ఆగదు. ఆ టెన్షన్‌లో ఒక్కొక్కరినీ తీసేస్తూ పోతే చివరికి మిగిలింది గళ్ల కోటు, పంచె, బట్టతల, కళ్లజోడుతో ఒకే ఒక్క పెద్దాయన. ఆయనే కామన్ మ్యాన్.

ఆయనది ఏ రాష్ట్రమో పోల్చుకోలేం. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, డ్యూటీలో హిందీ మాట్లాడే మనల్ని 'మీదే ఊరు?' అని అడుగుతూనే ఉంటారు కదా. ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు, అడిగినా నోరు విప్పడు. మంత్రిగారు ఊదరగొడుతుంటారు, అధికారి సంజాయిషీ ఇస్తుంటాడు. ఈయన ఓ మూల నిలబడి కనుబొమలు పైకెత్తి చూస్తాడు, అంతే. కార్టూను కింద ఉన్న ఒక్క వాక్యం ఆ పదవుల్లో ఉన్నవాళ్లదే. వాళ్ల మాటతోనే వాళ్లు దొరికిపోతారు. తిట్టు ఒక్కటీ ఉండదు. ఇప్పుడు ఫోన్లలో తిరిగే బొమ్మల్లో తిట్లే ఎక్కువ, గీత తక్కువ. సర్లెండి, అది వేరే గొడవ.

ఇంకొకటి, లక్ష్మణ్‌కి కాకులంటే ప్రాణం. చిన్నప్పటి నుంచీ గీశారు, పెద్దయ్యాక వాటితో ప్రదర్శనలే పెట్టారు.

1984లో మెగసెసే అవార్డు, 2005లో పద్మవిభూషణ్ వచ్చాయి. 2003లో పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయినా బొమ్మలు మానలేదు. 2015 జనవరి 26న పుణెలో పోయారు. అక్కడ సింబయాసిస్ విద్యాసంస్థ ఆవరణలో కామన్ మ్యాన్ విగ్రహం ఉంది. మన పిల్లలు చదువుకని పుణె వెళ్తూనే ఉన్నారుగా, ఈసారి వెళ్లినప్పుడు చూసి రమ్మనండి.

ఏమన్నా అడగాలనుకుంటే అడగండి.