నేనున్నాగా అంటూ పిల్లల్ని ఏటీవీ ఎక్కించకండి

నమస్కారం అండి. ఈరోజు పిల్లలూ, ఏటీవీల గురించి మాట్లాడుకుందాం. నాలుగు లావు టైర్లతో ఇసుకలో, మట్టిలో, గుట్టల మీద తిరిగే బండి ఇది. క్వాడ్ బైక్ అని కూడా అంటారు. అది కనబడితే చాలు, పిల్లలు ఎక్కుతానని మారాం చేస్తారు. పెద్దవాళ్లు కూడా ఇట్టే ఒప్పేసుకుంటారు. నాలుగు చక్రాలున్నాయి కదా, పడదులే అని ధీమా.

ఆ ధీమా తప్పండి. ఏటీవీ నేల నుంచి బాగా ఎత్తులో ఉంటుంది, కుడి ఎడమ చక్రాల మధ్య దూరమేమో తక్కువ. అందుకే మలుపులో, ఏటవాలులో తేలిగ్గా పక్కకి ఒరిగిపోతుంది. ఒరగకుండా ఆపేది నడిపేవాళ్ల ఒళ్లే. మలుపు తిరిగేటప్పుడు లోపలి వైపుకి వంగాలి, గుట్ట ఎక్కేటప్పుడు ముందుకి, దిగేటప్పుడు వెనక్కి జరగాలి. పెద్దవాళ్లు నడిపే బండి బరువు 250, 300 కిలోలు ఉంటుంది. పాతిక కిలోల పిల్లాడు ఎంత వంగినా ఆ బరువు ముందు ఏం లెక్క? అది తిరగబడి మీద పడితే పక్కకి నెట్టుకోలేడు. ఎముకలు విరగకపోయినా సరే, ఛాతీ మీద ఆ బరువు ఉంటే ఊపిరాడక ప్రాణం పోవచ్చు. ఆస్ట్రేలియాలో 2021 అక్టోబర్ నుంచి, పొలం పనులకి అమ్మే కొత్త క్వాడ్ బైకులకి, తిరగబడినా మనిషి నలిగిపోకుండా కాపాడే చట్రం తప్పనిసరి చేశారు. పనిమీద నడిపే పెద్దవాళ్ల కోసం పెట్టిన రూల్ అది. పిల్లల సంగతి ఇక మీరే ఆలోచించండి.

అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 16 ఏళ్లలోపు వాళ్లు ఏటీవీ నడపనే కూడదు, వెనక కూర్చోనూ కూడదు అంటోంది. నా అభిప్రాయమూ అదే. ఇంకో కొన్నేళ్లు ఆగితే పిల్లాడు కోల్పోయేది ఏమీ లేదు.

కానీ ఎక్కువగా కనిపించేది, నన్ను బాగా భయపెట్టేది వేరే ఉంది. చంటివాణ్ణి ముందు కూర్చోబెట్టుకుని, "నేనున్నాగా, ఏం కాదు" అనడం. సీటు పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఇద్దరికి సరిపోతుందనుకుంటాం. ఆ పొడుగు రెండో మనిషి కోసం కాదు. నడిపే ఒక్క మనిషి ముందుకీ వెనక్కీ జరగడం కోసం. ముందు పిల్లాడుంటే మీరు జరగలేరు, వంగలేరు. గొయ్యి తగిలి బండి ఎగిరితే వాడి ఛాతీ సూటిగా హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది, వెనక నుంచి మీ బరువు వాడి మీదే పడుతుంది. మీరు పట్టుకుని ఉన్నా కాపాడలేరు. ఇద్దరి కోసమే తయారుచేసిన మోడల్స్ కొన్ని ఉన్నాయి. మిగతా వాటి మీద, ఒక్కరికి మించి ఎక్కకూడదని స్టిక్కర్ అంటించే ఉంటుంది, చూడండి.

ఇంత చెప్పినా కొన్ని ఇళ్లలో పిల్లలు నడుపుతూనే ఉంటారని తెలుసు. వాళ్ల కోసం ఇది. పిల్లల మోడల్స్ మీద 6, 10, 12, 14 ఏళ్లు పైబడినవాళ్లకి అని వయసు రాసి ఉంటుంది. వయసు సరిపోయినంత మాత్రాన సరిపోదు. ఇంజన్ ఆపేసి, బండి మీద నిలబడమనండి. ఫుట్‌రెస్టుల మీద నిలబడితే సీటుకీ ఒంటికీ మధ్య మూడు నుంచి ఆరు అంగుళాల ఖాళీ ఉండాలి. కూర్చుని హ్యాండిల్ పట్టుకుంటే మోచేతులు కాస్త వంగి ఉండాలి. హ్యాండిల్ పూర్తిగా ఒక పక్కకి తిప్పినా రెండో చెయ్యి అందాలి. బ్రేక్ లివర్ మీద వేళ్లు వేస్తే, నడిమి వేలి చివరి కణుపు లివర్ దాటి ముందుకు రావాలి. వేలి కొన మాత్రమే తగులుతోందంటే ఆ బ్రేక్ వాడికి లేనట్టే. ఇందులో ఏ ఒక్కటి కుదరకపోయినా దింపేయండి, ఏడిస్తే ఏడవనివ్వండి.

ఇక యాక్సిలరేటర్. ఏటీవీలో అది సాధారణంగా కుడి బొటనవేలి కింద ఉండే చిన్న లివర్. బండి ఒక్కసారి ముందుకి ఉరికితే పిల్లాడు భయపడి హ్యాండిల్‌ని గట్టిగా బిగించి పట్టుకుంటాడు. ఆ బిగింపుకి బొటనవేలు లివర్‌ని ఇంకా నొక్కుతుంది. భయం పెరిగేకొద్దీ స్పీడూ పెరుగుతుంది. అందుకే పిల్లల బండ్లలో స్పీడ్ తగ్గించే స్క్రూ పెడతారు. అది బిగించి ఉందో లేదో మీరే చూడండి, ఎవరి మాటా నమ్మకండి. పిల్లాడు పడిపోతే ఇంజన్ ఆగిపోయేలా ఒంటికి తగిలించే తాడు కూడా కొన్నిటికి ఉంటుంది. అది ప్రతిసారీ తగిలించాల్సిందే.

హెల్మెట్, కళ్లద్దాలు, గ్లవ్స్, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మడమలు దాటే బూట్లు. వీటిలో బేరాల్లేవు. హెల్మెట్ పెద్దవాళ్లది కాకుండా, వాడి తలకి సరిపోయేదై ఉండాలి. తార్రోడ్డు మీదకి మాత్రం అస్సలు వద్దు, పక్క వీధి దాకా అయినా సరే. చాలా ఏటీవీల్లో వెనక చక్రాలు రెండూ కలిసే తిరుగుతాయి. మట్టిలో జారుతూ తిరిగే బండి, గట్టి రోడ్డు మీద మలుపులో పట్టేసి పల్టీ కొడుతుంది.

అద్దెకిచ్చే చోట ఒకటే అడగండి: పిల్లల సైజు బండి, పిల్లల సైజు హెల్మెట్ ఉన్నాయా? లేవంటే వెనక్కి వచ్చేయండి.

ఎప్పుడైనా పిల్లాడు పడి హ్యాండిల్ పొట్టకి గుచ్చుకుంటే, లేచి నవ్వుతూ తిరుగుతున్నా వదిలేయకండి. లోపల కాలేయానికో, ప్లీహానికో (పొట్టలో ఎడమ పక్కన ఉండే స్ప్లీన్) దెబ్బ తగిలితే పైకి గీత కూడా ఉండకపోవచ్చు, నొప్పి కొన్ని గంటల తర్వాత మొదలవ్వచ్చు. పొట్ట నొప్పి, వాంతులు, ముఖం పాలిపోవడం కనిపించేదాకా ఆగకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. హ్యాండిల్ పొట్టకి తగిలిందన్న మాట డాక్టర్‌కి అన్నిటికంటే ముందు చెప్పండి.