ముందు టైమింగ్ లైట్ తీయండి, ల్యాప్‌టాప్ సంగతి తర్వాత

అందరికీ నమస్కారం. మన విజయవాడ ఆటోనగర్‌లో మైకులో మాట్లాడటం నాకు అలవాటు లేదు, పక్క షెడ్డులో గ్రైండర్ ఆగేదాకా ఆగి రెండు ముక్కలు అరవడమే అలవాటు, కాబట్టి ఎక్కడైనా గొంతు పెరిగితే ఏమనుకోకండి. పెద్ద మేస్త్రీలు చాలామంది వచ్చారు, ఇంజినీరింగ్ కుర్రాళ్లూ వచ్చారు. ఇద్దరికీ కలిపే చెప్తాను, ఎందుకంటే ఈ పనిలో సగం మేస్త్రికి తెలుసు, మిగతా సగం కుర్రాడికి తెలుసు, ఇద్దరూ ఒక బండి దగ్గర కూర్చోరు, గొడవంతా అక్కడే.

ఈ మధ్య పాత పద్మినీలు, అంబాసిడర్లు, కార్బురేటర్ మారుతీలు తెచ్చి, డిస్ట్రిబ్యూటర్‌లో కాయిల్ కరెంటు తెంచే పాయింట్లు పీకేసి కంప్యూటర్‌తో ఇగ్నిషన్ పెట్టిస్తున్నారు. స్పీడ్యూనో లాంటి బోర్డయితే డిజైన్ అందరికీ అందుబాటులో ఉంది, ఆర్డ్యూనో మెగా మీద కుర్రాళ్లు ఇంట్లోనే కట్టేసుకుంటున్నారు, మంచిదే. బండి స్టార్ట్ అయ్యాక మొదలవుతుంది అసలు కథ. మిస్సింగ్, కాయిల్ కాలడం, రేజ్ చేస్తే నాకింగ్. అప్పుడు అందరూ చేసే పని ఒకటే, ల్యాప్‌టాప్ తెరిచి మ్యాప్‌లో, అంటే ఏ స్పీడుకి, ఏ లోడుకి పిస్టన్ పైకి రావడానికి ఎన్ని డిగ్రీల ముందు నిప్పు పడాలో రాసిన పట్టికలో, అంకెలు మార్చడం. ఇక్కడ రెండు తగ్గించి, అక్కడ మూడు పెంచి, మంగళగిరి దాకా ట్రయల్ వేసి వచ్చి, మళ్లీ మార్చి. ఆ అంకెలు ఇంజన్‌కి నిజంగా చేరుతున్నాయో లేదో మాత్రం టైమింగ్ లైట్‌తో, అంటే ఒకటో ప్లగ్గుకి నిప్పు పడ్డప్పుడల్లా మెరిసి పుల్లీ మీద గీతని నిలబెట్టి చూపించే లైటుతో, ఎవరూ చూడరు.

పాయింట్ల కాలంలో మన కళ్ల ముందే అన్నీ కనిపించేవి. స్పీడు పెరిగితే డిస్ట్రిబ్యూటర్‌లో వెయిట్లు విచ్చుకుని టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పు వేసే సమయం, ముందుకు జరిగేది, వ్యాక్యూమ్ డయాఫ్రమ్ ఇంకాస్త లాగేది, తేడా వస్తే బాడీని చేత్తో తిప్పేవాళ్లం. ఇప్పుడు క్రాంక్ పుల్లీ మీద పళ్ల చక్రం ఉంటుంది, ఎక్కువగా 36కి ఒకటి తక్కువ. పన్నుకి 10 డిగ్రీలు, ఒకచోట పన్ను ఉండదు. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా కంప్యూటర్ అక్కడినుంచి లెక్క మొదలుపెడుతుంది. ఆ ఖాళీకి, ఒకటో సిలిండర్ పిస్టన్ పైకి వచ్చే చోటుకి మధ్య ఎన్ని డిగ్రీలో మనమే టైప్ చేస్తాం. అదే ట్రిగ్గర్ యాంగిల్. అందులో 8 డిగ్రీలు తప్పుంటే మ్యాప్ మొత్తం 8 డిగ్రీలు తప్పే. స్క్రీన్ మీద 10 అని చూపిస్తుంది, ఇంజన్‌లో 18 ఉంటుంది, కంప్యూటర్‌కి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

కాబట్టి మొదట టీడీసీ, అంటే పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే చోటు. పాత పుల్లీ మీద గీత కనిపిస్తోంది కదా అని నమ్మొద్దు. మధ్యలో రబ్బరున్న పుల్లీ అయితే బయటి రింగు జరిగిపోయి ఉండొచ్చు, వేరే ఇంజన్ పుల్లీ తెచ్చి బిగించి కూడా ఉండొచ్చు. ప్లగ్గులన్నీ తీసేయండి, బ్యాటరీ వైరు పీకేయండి, పాత ప్లగ్గు లోపలి పింగాణీ కొట్టేసి అందులో మొన గుండ్రంగా ఉన్న బోల్టు బిగిస్తే పిస్టన్ స్టాపర్ తయారు. దాన్ని ఒకటో సిలిండర్‌లో పెట్టి ఇంజన్‌ని స్పానర్‌తో మెల్లగా, స్టార్టర్‌తో కాదు, ఒకవైపు ఆగేదాకా తిప్పి గీత పెట్టండి, రెండోవైపు ఆగేదాకా తిప్పి ఇంకో గీత. రెండింటి నడిమధ్య అసలు టీడీసీ. అక్కడినుంచి డిగ్రీలు గుర్తు పెట్టాలంటే పుల్లీ చుట్టుకొలత టేపుతో కొలిచి 36తో భాగించండి. 440 మిల్లీమీటర్లు వస్తే 10 డిగ్రీలంటే 12 మిల్లీమీటర్ల చిల్లర. పుల్లీ మీద తెల్ల పెయింటుతో 10, 20, 30 గీసేయండి.

తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఫిక్స్‌డ్ టైమింగ్ పెట్టండి, 10 అనుకుందాం. మ్యాప్ పని చేయదు, ఏ స్పీడులో అయినా పదే ఇవ్వాలి. స్టార్ట్ చేసి లైట్ కొట్టండి. డయల్ ఉన్న డిజిటల్ లైట్ అయితే డయల్ సున్నా మీదే ఉంచండి, ఎందుకంటే వేస్ట్ స్పార్క్ కాయిల్ ప్రతి చుట్టుకీ నిప్పు వేస్తుంది, ఆ లైటుకేమో రెండు చుట్లకి ఒకసారి అని లెక్క, దాంతో చాలా లైట్లు రెట్టింపు చూపించి మనల్ని తిప్పలు పెడతాయి.

ఇప్పుడు 3000 దాకా మెల్లగా రేజ్ చేస్తూ గీతనే చూడండి. గీత కదలకుండా 10 దగ్గర కాక 16 దగ్గర నిలబడిందంటే బతికిపోయాం, ట్రిగ్గర్ యాంగిల్ సరిచేస్తే చాలు. వెనక్కి జారుతోందంటే సెన్సర్ సిగ్నల్ ఆలస్యంగా చేరుతోందని అనుమానించాలి. రెండు వైర్ల వీఆర్ పికప్, అంటే అయస్కాంతం, తీగచుట్ట ఉండే సెన్సర్ అయితే ముందు ఆ వైర్లు అటూ ఇటూ మార్చి చూడండి. పన్ను సరిగ్గా ఎదురుగా వచ్చినప్పుడు సిగ్నల్ దాటాల్సిన సున్నా వోల్టేజ్‌ని, వైర్లు తిరగేసి కలిపితే పళ్ల మధ్య సందు దగ్గర దాటుతుంది, స్పీడు మారేకొద్దీ లెక్క చెదురుతుంది, ఒక్కోసారి సింక్, అంటే క్రాంక్ ఎక్కడుందో కంప్యూటర్‌కి తెలిసే లెక్క, కూడా పోతుంది. హాల్ సెన్సర్‌కి ఈ గొడవ లేదు, దాని వైర్లు మార్చారంటే మాత్రం సెన్సరే పోవచ్చు, జాగ్రత్త.

గీత ముందుకి పరిగెడితే? దీని మీద కాస్త ఎక్కువ చెప్తాను. గుంటూరు నుంచి ఒక పద్మిని వచ్చింది. సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్, ఐడిలింగ్ పాయింట్లతో ఉన్నప్పటికంటే నున్నగా ఉంది, పార్టీ కూడా అదే చెప్పాడు. రెండు వేలు దాటిందంటే డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు నాకింగ్. కాయిల్ మీద చెయ్యి పెట్టలేం. కాయిల్ డూప్లికేట్ అని కొత్తది వేయించారు, అదీ అంతే. చివరికి చూస్తే తేడా చేసింది ఒకే ఒక్క సెట్టింగ్, స్పార్క్ అవుట్‌పుట్ గోయింగ్ హై ఉండాలా, గోయింగ్ లో ఉండాలా, అంటే సిగ్నల్ పైకి లేచినప్పుడు నిప్పు పడాలా, కిందికి దిగినప్పుడు పడాలా అనేది. అది తిరగబడితే కాయిల్ దాదాపు ఎప్పుడూ చార్జ్ అవుతూనే ఉంటుంది, అందుకే ఆ కాలడం. నిప్పేమో డ్వెల్, అంటే కాయిల్ చార్జ్ అవ్వాల్సిన సమయం, అయిపోయినప్పుడు కాకుండా డ్వెల్ మొదలవ్వాల్సిన క్షణంలో పడుతుంది. డ్వెల్ 3 మిల్లీసెకన్లు అనుకోండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 200 ఆర్‌పీఎం, మిల్లీసెకనుకి 1.2 డిగ్రీలు, తేడా నాలుగు డిగ్రీలు కూడా లేదు, బండి హాయిగా అందుకుంటుంది. 900 దగ్గర 16 డిగ్రీలు ఎక్కువ, మీ 10 కాస్తా 26 అయింది, ఐడిలింగ్ నున్నగా ఉండటానికి కారణం అదే. 3000 దగ్గర మిల్లీసెకనుకి 18 డిగ్రీలు, అంటే 54 ఎక్కువ, మొత్తం 64! పిస్టన్ ఇంకా కిందనుంచి ఎక్కుతుండగానే పైన మంట. మ్యాప్‌లో ఎన్ని తగ్గించినా దీన్ని పట్టుకోలేరు, రింగుల మధ్య అంచులు విరిగేదాకా తిరుగుతూనే ఉంటారు. అందుకే కాయిల్ కాలుతోందంటే ముందు కీ తీసేయండి, షాపుకి పరిగెత్తకండి.

డిస్ట్రిబ్యూటర్ అలాగే ఉంచి టైమింగ్ మాత్రం కంప్యూటర్‌కిచ్చిన బండ్లకి ఇంకో చిక్కుంది. పికప్ డిస్ట్రిబ్యూటర్‌లోనే ఉంటే లోపలి వెయిట్లు లాక్ చేయాలి, వ్యాక్యూమ్ కూడా కట్ చేయాలి. లేకపోతే అదీ ముందుకి జరుపుతుంది, ఇదీ జరుపుతుంది. లాక్ చేశాక రోటర్ కూడా చూసుకోండి, నిప్పు పడే క్షణానికి అది టెర్మినల్ ఎదురుగానే ఉండాలి, లేదంటే పక్క సిలిండర్‌కి దూకుతుంది.

గీత స్థిరంగా ఉండి అప్పుడప్పుడు గంతులేస్తే, లాగ్‌లో ఆర్‌పీఎం ఉన్నట్టుండి పైకి లేచి పడుతుంటే, అది నాయిస్, అంటే పక్క వైర్ల నుంచి దూరే దొంగ సిగ్నల్. రాగి తీగ ప్లగ్గు వైర్లు తీసేసి రెసిస్టెన్స్ ఉన్నవి వేయండి, రెసిస్టర్ ప్లగ్గులు పెట్టండి. సెన్సర్‌కి షీల్డ్ వైరు, షీల్డ్‌కి కంప్యూటర్ వైపు మాత్రమే ఎర్త్. కంప్యూటర్ ఎర్త్ డ్యాష్‌బోర్డ్ కింద పెయింటు మీద స్క్రూ బిగించి మమ అనిపించకండి, ఇంజన్ బ్లాకుకే లాగండి. లేత్‌లో చేయించిన చక్రం ఊగుతున్నా ఇదే లక్షణం, సెన్సర్‌కి పంటికి మధ్య దూరం చుట్టూ ఒకేలా, ఒక మిల్లీమీటరు అటూ ఇటూగా ఉండాలి.

ఇవన్నీ తేలాకే మ్యాప్ ముట్టుకోండి. అప్పుడు కూడా ఎండాకాలం బెంజ్ సర్కిల్‌లో ఇరుక్కున్నాక పికప్ లేదని పార్టీ ఫోన్ చేస్తే వెంటనే మ్యాప్ పెంచకండి. ఎయిర్ టెంపరేచర్ సెన్సర్ ఎక్కడ బిగించారో చూడండి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కన ఉంటే లోపలికెళ్లే గాలి వేడి కాకుండా ఇనుము వేడి చదువుతుంది, కంప్యూటర్ భయపడి టైమింగ్ తగ్గిస్తుంది. సెన్సర్‌ని ఎయిర్ ఫిల్టర్ వైపు జరపండి. మ్యాప్ సెన్సర్ అంటే మన పట్టిక మ్యాప్ కాదు, మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచేది, దాని ట్యూబు కూడా వేడికి మెత్తబడి మడతపడుతుంది, అప్పుడు లోడ్ మీద కూడా లోడ్ లేదనుకుని టైమింగ్ ఎక్కువిస్తుంది. వారధి ఎక్కేటప్పుడు నాకింగ్ వస్తోందంటే ముందు ఆ ట్యూబు వేలితో నొక్కి చూడండి, మెత్తగా ఉంటే గట్టి గోడ ఉన్న ట్యూబు వేసి అప్పుడు బండి ఇవ్వండి.