ఐదేళ్ళ లోపు పిల్లలకి ఒక్క స్టెప్పు కూడా నేర్పొద్దు! యాన్యువల్ డే పేరెంట్స్ తప్పక చూడండి

నమస్తే అండీ, సోది లేకుండా చెప్తా. ఐదేళ్ళ లోపు పిల్లలకి డాన్స్ స్టెప్పులు నేర్పకూడదు. ఒక్క స్టెప్పు కూడా. తిట్టేవాళ్ళు తిట్టండి, కానీ పూర్తిగా విని తిట్టండి.

చెన్నైలో యాన్యువల్ డే సీజన్ వచ్చిందంటే చాలు, ప్రీకేజీ పిల్లలు మాస్ బీట్‌కి నడుం ఊపే క్లిప్పులు మన తెలుగు వాట్సాప్ గ్రూపుల నిండా అవే. సగం మంది క్యూట్ అంటారు, సగం మంది ఛీ ఆ పాటేంటి అంటారు. 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖే టీవీ చానళ్ళకి చెప్పింది కదా, డాన్స్ షోల్లో పిల్లల్ని వయసుకి తగని రీతిలో చూపించొద్దని. అది టీవీకి. స్కూలు స్టేజీ సంగతి ఎవరూ ఎత్తరు. అయితే నా గొడవ పాట మీద కాదు. ఆ పాట తీసేసి దేవుడి పాట పెట్టినా నేను ఇదే మాట అంటా, స్టెప్పులు వద్దు!

ఎందుకో వినండి. మూడేళ్ళ పిల్లకి రెండు కాళ్ళతో ఎగరడం వస్తుంది, ఒంటికాలి మీద కుంటడం నాలుగేళ్ళ దగ్గర గానీ కుదరదు, కుడి ఎడమ అంటే చాలామందికి ఐదు దాటినా తికమకే. ఇప్పుడు మిస్ ఎదురుగా నిలబడి రైట్ హ్యాండ్ అంటుంది, ఆవిడ కుడి చెయ్యి పిల్లకి ఎడమ పక్కన కనిపిస్తుంది, పిల్ల చూసింది చూసినట్టు ఎత్తుతుంది, వెంటనే నో నో అదర్ హ్యాండ్ అని చెయ్యి పట్టుకుని లాగడం! పాపం ఆ పిల్ల చేసింది కరెక్టే కదండీ? ఇలా రోజూ లాగితే ఏం నేర్చుకుంటుంది, నా ఒళ్ళు నా మాట వినదు అనేగా? నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

ఇంకోటి. మూడు నాలుగేళ్ళ పిల్లలు రోజుకి 180 నిమిషాలు ఒళ్ళు కదిలించాలి, అందులో 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా ఆడాలి, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క. మరి ప్రాక్టీస్‌లో ఏముంటుంది? లైన్లో నిలబడు, కదలకు, నీ టర్న్ వచ్చేదాకా ఆగు.

మరి ఏం చేయించాలి? రుడాల్ఫ్ లాబన్ అని ఒకాయన, అప్పటి హంగేరీలో పుట్టి ఇంగ్లాండ్‌లో స్థిరపడ్డాడు, స్కూలు పిల్లల డాన్స్ గురించి 1948లోనే పుస్తకం రాశాడు. ఆయన దారిలో వెళ్ళే టీచర్లు చూసేవి నాలుగే: ఒంట్లో ఏది కదులుతోంది, ఎటు కదులుతోంది, ఎలా కదులుతోంది, ఎవరితో కదులుతోంది. అంతే! ఏనుగులా నడువమ్మా అనండి. ఒకడు తొండం ఊపుతాడు, ఒకడు నేల అదిరేలా తొక్కుతాడు, ఇంకొకతి నా ఏనుగు నిద్రపోతోంది అని పడుకుంటుంది, ముగ్గురూ కరెక్టే. అమ్మ చున్నీ ఇచ్చి గాలిలో వదలమనండి, అది ఎంత మెల్లగా దిగితే నువ్వూ అంత మెల్లగా కూర్చో అనండి. డప్పు కొట్టి టక్కున ఆపండి, ఆపగానే బొమ్మలా బిగుసుకుపోవాలి. నన్నడిగితే ప్రీకేజీలో దీన్ని మించిన చదువు లేదు, పరిగెత్తే ఒంటిని తనంతట తానే ఆపుకోవడం అంటే మాటలా!

మన ఆటల్లో ఇదంతా ఉండేది. ఒప్పులకుప్ప ఆడుతూ గిర్రున తిరిగితే చెవి లోపల బ్యాలెన్స్ చూసే భాగానికి పని, తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి మీద నిలకడ. ఇప్పుడు అపార్ట్‌మెంట్‌లో పిల్ల రెండుసార్లు ఎగిరితే కింద ఫ్లోర్ వాళ్ళు ఇంటర్‌కామ్ చేస్తారు.

అన్నట్టు మనం ఏ ఊళ్ళో ఉన్నాం అనుకుంటున్నారు? 1936లో రుక్మిణీదేవి కళాక్షేత్ర అనే నాట్య పాఠశాల పెట్టిన ఊరు, చిన్నపిల్లల చదువుకి కొత్త పద్ధతి తెచ్చిన మారియా మాంటిస్సోరి 1939లో వచ్చి అడయార్‌లో టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చిన ఊరు! ఆవిడ పద్ధతిలో నేల మీద ఒక గీత ఉంటుంది, పిల్లలు దాని మీద మెల్లగా నడుస్తారు, చేతిలో గంట, ఆ గంట మోగకూడదు. మూడేళ్ళ పిల్ల ఊపిరి బిగబట్టి ఆ గంట పట్టుకుని నడవడం చూడండి ఒకసారి, తర్వాత ఆ నడుం ఊపే క్లిప్ చూడబుద్ధి కాదు.

మరి కూచిపూడి, భరతనాట్యం అంటారా? నాకు ప్రాణం. కానీ చాలామంది గురువులే ఐదారేళ్ళు నిండాక తీసుకురండమ్మా అంటారు, అరమండి, అంటే మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చోవాలంటే మోకాళ్ళకి ఆ బలం రావాలి. గురువులే ఆగమంటుంటే కొరియోగ్రాఫర్‌కి తొందరెందుకు? నా థియరీ నేను చెప్తా, ఈ స్టెప్పులు పిల్లల కోసం కాదు, మన ఫోన్ల కోసం, వచ్చే ఏడాది అడ్మిషన్ల కోసం. అందరూ ఒకేలా కదిలితేనే వీడియో బాగుంటుంది, స్కూలు పేజీలో పెట్టుకోవచ్చు.

యాన్యువల్ డే సర్క్యులర్ వచ్చినవాళ్ళు స్కూల్లో ఇలా అడగండి: కాస్ట్యూమ్ డబ్బులు వద్దు, స్టేజీ వద్దు, ఒక శనివారం పొద్దున ఇరవై నిమిషాలు మమ్మల్ని క్లాసులో కూర్చోబెట్టండి, ఫోన్లు బయట పెట్టేస్తాం, పిల్లలు ఏనుగులా నడుస్తుంటే చూస్తాం అని. స్కూలు పేరు రాయొద్దు, వాళ్ళేమన్నారో మాత్రం కింద రాయండి, వచ్చే వీడియోలో ఒక్కొక్కటీ చదువుతా.